ఫ్యాన్ తిరుగుతోంది, గాలి ఎదురొస్తోంది: 12 ఏళ్ల హ్యాచ్‌బ్యాక్ కేసు

బండి 2012లో రిజిస్టరైన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు, మీటర్ మీద 1,74,300 కిలోమీటర్లు. దేశంలో ఏళ్ల తరబడి ఎక్కువగా అమ్ముడైన మోడళ్లలో ఒకటి. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ కేసులో తప్పు మోడల్‌ది కాదు. ఓనరుది అనంతపురం వైపు, ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. వారంలో ఐదు రోజులు అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్, నెలకొకసారి ఎన్‌హెచ్ 44 మీద ఊరికి ప్రయాణం. బండి ఒక్క చేతిలోనే ఉంది, సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో దాచి ఉన్నాయి. ఈ ఫైలు తర్వాత చాలా పనికొచ్చింది.

2024 ఏప్రిల్‌లో బెంగళూరులోని మా గ్యారేజీకి వచ్చింది. బెంగళూరులోనే ఎండ 37 డిగ్రీలు దాటిన రోజులవి.

ఫిర్యాదు

ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో 25–30 నిమిషాలు నడిస్తే బండి హీటెక్కుతోంది, ఏసీ తనంతట తనే ఆగిపోతోంది. ఖాళీ రోడ్డు మీదకు రాగానే సర్దుకుంటోంది. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. నెలకు 300 మిల్లీలీటర్ల వరకు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది. మైలేజీ లీటరుకు 15 నుంచి 11కి పడిపోయింది. ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి మీగడలాంటి పేరుకుపోత ఉంది.

వీటితోపాటు ఓనరు ఇంకో మాట చెప్పారు. "పూర్తిగా ఆగి ఉన్నప్పటికంటే మెల్లగా జరుగుతున్నప్పుడే తొందరగా ఎక్కుతుందన్నా." ఈ మాట జాబ్‌కార్డు మీద రాసుకున్నాం, కానీ దాని మీద ఆలోచన పెట్టలేదు. అప్పుడే ఆలోచించి ఉంటే ఒక రోజు పని మిగిలేది.

అప్పటికే జరిగినవి

ఆరు నెలల ముందు సిల్క్ బోర్డు దగ్గర రేడియేటర్ ఫ్యాన్ మోటారు ఆగిపోయింది. 1,68,000 కిలోమీటర్లు తిరిగిన మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడం వింతేమీ కాదు. రోడ్డు పక్కన ఎలక్ట్రీషియన్ గుజిరీ (పాత సామాన్ల బజారు) నుంచి తెచ్చిన పాత మోటారు బిగించాడు. ఫ్యాన్ తిరిగింది. అక్కడితో ఫ్యాన్ సంగతి అందరి మనసులోంచీ పోయింది.

హీట్ మళ్లీ మొదలవగానే మొదటి గ్యారేజీవాళ్లు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) మార్చారు. ఈ మోడల్‌లో లక్ష దాటాక థర్మోస్టాట్ పోతుందని ఊళ్లో ప్రతి మెకానిక్‌కూ తెలుసు, చూడకుండానే చెప్పేస్తారు. పది రోజులకే సమస్య తిరిగొచ్చింది. రెండో గ్యారేజీ ఆ థర్మోస్టాట్‌ను ఊడపీకి ఖాళీగా వదిలేసింది, "ఈ ఎండల్లో వాల్వ్ ఎందుకు సార్" అని. తగ్గిన కూలెంట్‌కు బదులు ట్యాంకర్ నీళ్లు పోసింది. మూడో గ్యారేజీ ఆయిల్ మూత కింద మీగడ చూసి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య సీలు, అది పోతే కూలెంట్ ఆయిల్‌లో కలవొచ్చు) పోయిందని తేల్చి, హెడ్ దించి ప్లేన్ చేయించడంతో కలిపి 48,000 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చింది. అమ్మేస్తే 1,10,000 ఇస్తామని పాత కార్ల డీలరు ఒకరు అన్నారు. అమ్మాలా, ఉంచుకోవాలా అన్న ప్రశ్నతోనే బండి వచ్చింది.

మొదటి నిర్ణయం: హెడ్ దించడమా, వద్దా

హెడ్ గ్యాస్కెట్ అనుమానాన్ని ముందు తేల్చుకోవాలి. అది నిజమైతే మిగతా పరీక్షలకు అర్థం లేదు. అబద్ధమైతే ఓనరుకు పెద్ద ఖర్చు తప్పుతుంది.

మూడు పరీక్షలు చేశాం. మొదటిది బ్లాక్ టెస్టర్. రేడియేటర్ నోటి దగ్గర గాలిని నీలిరంగు ద్రవం గుండా పీలుస్తాం. కంబస్టన్ గ్యాసు కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల నీలం పసుపుగా మారుతుంది. ఇంజిన్ వేడెక్కాక పది నిమిషాలు, మళ్లీ రేసు ఇస్తూ ఐదు నిమిషాలు చూశాం. నీలం నీలంగానే ఉంది. రెండోది కంప్రెషన్: 178, 174, 176, 172 పీఎస్ఐ. అతి ఎక్కువకూ అతి తక్కువకూ తేడా 4 శాతం కూడా లేదు. పక్కపక్క సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ పోతే ఆ రెండూ కలిసి పడిపోతాయి, ఇక్కడ అలాంటిదేమీ లేదు. మూడోది డిప్‌స్టిక్. ఆయిల్ శుభ్రంగా ఉంది, మీగడ పైన మూత కిందే ఉంది.

మరి ఆ మీగడ ఎక్కడిది? థర్మోస్టాట్ తీసేయడం వల్ల వచ్చింది. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) పెట్టి ఉదయం పూట ఖాళీ రోడ్డు మీద నడిపితే ఇంజిన్ 62–68 డిగ్రీల మధ్యే ఉంది. ఆయిల్‌లో చేరే తేమ ఆవిరై పోవాలంటే ఇంజిన్ సరిపడా వేడెక్కాలి. ఎక్కకపోతే ఆ తేమ చల్లటి మూత కింద ఆయిల్‌తో కలిసి తెల్లగా పేరుకుంటుంది. మైలేజీ పడిపోయిన కారణమూ ఇదే: ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. అంటే రెండో గ్యారేజీ చేసిన మరమ్మతు మూడో గ్యారేజీకి రోగలక్షణంలా కనిపించింది.

థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందన్న నమ్మకం గురించి ఒక మాట. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు బైపాస్ దారిని మూస్తుంది కూడా. అది లేకపోతే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండా నేరుగా ఇంజిన్‌కే తిరిగొస్తుంది. ఖాళీ రోడ్డు మీద బండి అతి చల్లగా, ట్రాఫిక్‌లో అతి వేడిగా నడవడానికి ఇదీ ఒక దారి.

రెండో నిర్ణయం: ముందు బండిని మామూలు స్థితికి తేవడం

ఇంతమంది చేతులు పడిన బండిలో ఏ రీడింగ్‌నూ నమ్మలేం. థర్మోస్టాట్ లేని ఇంజిన్ ఉష్ణోగ్రతను కంపెనీ చెప్పిన అంకెలతో పోల్చడం దండగ. అందుకే అసలు లోపం దొరక్కముందే కూలింగ్ సిస్టమ్‌ను మొదటి స్థితికి తెచ్చాం.

మొదటి గ్యారేజీ వేసిన థర్మోస్టాట్ అదృష్టవశాత్తూ డిక్కీలో దొరికింది. దాని మీద 82 అని ముద్ర ఉంది. గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి, దారంతో వేలాడదీసి మరిగించాం. వాల్వ్‌కు దారం చివర చిక్కించి వేలాడదీస్తే అది తెరుచుకున్న క్షణంలో థర్మోస్టాట్ జారి కింద పడుతుంది, ఆ క్షణాన థర్మామీటర్ చూసుకుంటే చాలు. ఇది 90 దాటాక పడింది, 95 దగ్గర కూడా 3 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోలేదు. బెంగళూరు పార్టుల బజారు జేసీ రోడ్డులో అసలు డబ్బాలో తెచ్చిన కొత్తది 82 దగ్గర కదిలి, 95కి 8 మిల్లీమీటర్లు తెరుచుకుంది. డబ్బాలు రెండూ పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. ఎక్కువగా అమ్ముడయ్యే బండికే నకిలీ పార్టులు పుడతాయి. నెలకు నాలుగు అమ్ముడయ్యే కారుకు నకిలీ థర్మోస్టాట్ చేసి ఎవడు బాగుపడతాడు?

రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడి పట్టాలి, ఇది 0.5 దగ్గరే వదిలేస్తోంది. బెంగళూరులో దీనికి ప్రాముఖ్యం ఎక్కువ. ఊరు 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ మూత తీసిన గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత 0.9 బార్ పట్టి, లోపల సగం కూలెంట్ సగం నీళ్లు ఉంటే మరిగే స్థాయి 125 దాకా పోతుంది. ఉత్త నీళ్లు పోసి, మూత 0.5 దగ్గరే వదిలేస్తుంటే 110 దగ్గర మరుగుతాయి. మరిగినది పక్క బాటిల్లోకి పొంగి బయటికి పోయింది. నెలకు 300 మిల్లీలీటర్లు తగ్గడంలో పెద్ద వాటా దీనిదే. కింది గొట్టానికి స్ప్రింగ్ క్లిప్ తీసేసి స్క్రూ క్లిప్ బిగించి ఉంది, బిగువు ఎక్కువై రబ్బరు తెగి సన్నగా చెమ్మ వస్తోంది. గొట్టం కొసను అర అంగుళం కోసి స్ప్రింగ్ క్లిప్ వేశాక 0.9 బార్ ఒత్తిడి అరగంట నిలిచింది.

కూలెంట్ పోసేటప్పుడు ఎక్కువమంది చేసే లెక్క తప్పు ఒకటుంది. ఈ సిస్టమ్ మొత్తం సుమారు 4.5 లీటర్లు. కింద గొట్టం తీస్తే వచ్చేది 3 లీటర్లే, బ్లాకులో 1.5 లీటర్ల నీళ్లు మిగిలిపోతాయి. అక్కడ సగం కూలెంట్ సగం నీళ్లుగా ముందే కలిపి అమ్మే రెడీమిక్స్ 3 లీటర్లు పోస్తే చివరికి కూలెంట్ పాళ్లు 33 శాతమే. ఫ్లష్ చేశాక 2.25 లీటర్ల కాన్సంట్రేట్, ముప్పావు లీటరు డిస్టిల్డ్ వాటర్ పోస్తేనే సగానికి సగం కుదురుతుంది. ఆ తర్వాత ముందు చక్రాలు కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తిగా తిప్పి, పై గొట్టం పిసుకుతూ బుడగలు ఆగేదాకా నడపాలి. గాలి లోపల ఉండిపోతే సెన్సర్ చుట్టూ ఆవిరి చేరి రీడింగ్ గంతులేస్తుంది.

ఏసీ గ్యాసును చల్లబరిచే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పేరుకున్న దుమ్మునూ పురుగులనూ వెనక నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగాం. ఎక్కువ ఒత్తిడి పెడితే ఫిన్‌లు పడుకుంటాయి.

పని చేయనిది

ఇంతా చేశాక ఏసీ వేసి, 1,500 ఆర్‌పీఎం మీద నిలబెట్టి పరీక్షించాం. 12 నిమిషాలకు 98 డిగ్రీలు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. 25 నిమిషాలకు 106. 31 నిమిషాలకు 111, ఈసీయూ ఏసీ ఆపేసింది. అక్కడ మేమూ ఆపేశాం.

పార్టులన్నీ సరైనవే, ఫలితం మాత్రం పాతదే. చెక్‌లిస్టులో "ఫ్యాన్ తిరుగుతోందా?" అన్న గడికి మేమూ టిక్ పెట్టి ఉన్నాం.

అప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశాం. పై గొట్టం 107 డిగ్రీలు, కింది గొట్టం 102. రేడియేటర్ గుండా పోయిన కూలెంట్ 5 డిగ్రీలే చల్లబడుతోంది. అదే సమయంలో ఏసీ గేజి హై సైడ్ (కంప్రెసర్ తర్వాత ఒత్తిడి ఎక్కువుండే వైపు) 330 పీఎస్ఐ చూపింది, ఆ ఎండకు 230–250 ఉండాలి. కూలెంట్‌కూ ఏసీ గ్యాసుకూ పంపులు వేరు, గొట్టాలు వేరు. రెండూ కలిసి పంచుకునేది ఒక్కటే, ముందు నుంచి వచ్చే గాలి. రెండూ ఒకేసారి ఉడికిపోతున్నాయంటే లోపం గాలిలో ఉన్నట్టే. ఫ్యాన్‌కు కరెంటు తీసేసి చూస్తే ఉష్ణోగ్రత దాదాపు అదే వేగంతో పెరిగింది. అంటే ఆ ఫ్యాన్ తిరిగినా తిరగకపోయినా ఒకటే.

దొరికినది

ఏ4 కాగితం ఒకటి గ్రిల్‌కు ఆనించాం. ఫ్యాన్ తిరుగుతుంటే కాగితం లోపలికి అతుక్కోవాలి. అది ఎగిరి మన మీదకొచ్చింది.

పాత మోటారు పెట్టినప్పుడు కనెక్టర్ కోసేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. గుజిరీ మోటారుకు రెండు వైర్లూ నలుపే. ఏది ప్లస్సో చూడకుండా కలిపారు, తిరిగింది, పని అయిపోయిందనుకున్నారు. డీసీ మోటారుకు వైర్లు తారుమారైతే ఆగిపోదు, వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగే ఫ్యాన్ ఇంజిన్ దగ్గరి వేడి గాలిని రేడియేటర్ గుండా ముందుకు తోస్తుంది. రెక్కల వంపు ఎదురు దిశకు తగినది కాదు కాబట్టి ఆ గాలి కూడా బలహీనమే.

ఓనరు మొదటిరోజు చెప్పిన మాటకు ఇప్పుడు అర్థం తెలిసింది. బండి ఆగి ఉంటే వెనక్కి వీచే ఆ గాలి ఎంతో కొంత వేడిని మోసుకెళ్తుంది. హైవే మీద ఎదురుగాలి ఫ్యాన్‌ను ఓడించి లోపలికి వస్తుంది. గంటకు 15–25 కిలోమీటర్ల వేగంలో మాత్రం రెండు గాలులూ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి ఆపేసుకుంటాయి, రేడియేటర్ దగ్గర గాలి దాదాపు కదలదు. అవుటర్ రింగ్ రోడ్డులో సాయంత్రం బండ్లు నడిచే వేగం అదే.

వైర్లు అటుదిటు చేయగానే కాగితం గ్రిల్‌కు అతుక్కుంది. అదే పరీక్ష 45 నిమిషాలు నడిపితే ఉష్ణోగ్రత 93–98 మధ్య ఊగింది, హై సైడ్ 240కి దిగింది, గొట్టాల మధ్య తేడా 5 నుంచి 13 డిగ్రీలకు పెరిగింది.

వైర్లు మార్చి పంపేయొచ్చు, ఖర్చు సున్నా. అయినా కొత్త ఫ్యాన్ అసెంబ్లీ సూచించడానికి రెండు కారణాలు. పాత మోటారు షాఫ్టు చేతికి ఆడుతోంది, అది మొదటిది. రెండోది ముఖ్యం: కొత్తదానికి కంపెనీ కనెక్టర్ ఉంటుంది, ఆ కనెక్టర్ ఒక్కవైపే ఎక్కుతుంది. చీకట్లో, వానలో, కొత్త కుర్రాడు బిగించినా తప్పు జరగకూడదని ఎవరో డిజైనర్ దాని ఆకారాన్ని అలా తీర్చాడు. దాన్ని కోసిన క్షణంలో ఆ రక్షణ పోయింది.

బిల్లు: థర్మోస్టాట్, గ్యాస్కెట్ 850, మూత 280, క్లిప్పులు 120, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ 1,350, ఫ్యాన్ అసెంబ్లీ 4,200, తేమ చేరిందన్న అనుమానంతో మార్చిన ఆయిల్, ఫిల్టర్ 2,400, కూలి 3,200. మొత్తం 12,400 రూపాయలు. ఫ్యాన్ కోసం మొదటి వైరు విప్పినవాడు కాగితం పెట్టి చూసి ఉంటే వీటిలో సగం అవసరమే లేదు.

అమ్మాలా, ఉంచుకోవాలా

12 ఏళ్ల బండిని ఉంచుకోవడం తెలివేనా అన్నది ఓనరు అసలు ప్రశ్న. బాగా అమ్ముడైన మోడల్ గొప్పదనం ఎక్కడుందో కూడా ఇక్కడే తేలుతుంది.

అమ్మకాల పట్టికలు దీనికి జవాబు చెప్పవు. కంపెనీలు నెలనెలా ప్రకటించే అంకెల్లో ఎక్కువగా లెక్కించేది డీలర్లకు పంపిన బండ్లను. ఒక మోడల్ మీద జనం మోజు ఎంతో అవి కొంత చెబుతాయి, పన్నెండో ఏట ఎలా ఉంటుందో చెప్పవు. మారుతి 800 మొదటి తాళంచెవి 1983 డిసెంబర్ 14న ఇచ్చారు, ఉత్పత్తి 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది అంబాసిడర్ కూడా ఆగింది. ఆ 30 ఏళ్లలో 800కి ఆకారం మారింది, కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చింది, 796 సీసీ మూడు సిలిండర్ల కొలత మాత్రం మారలేదు. ఒక బండిమీద నేర్చిన చేయి తర్వాత వచ్చిన బండిమీదా పనికొచ్చింది. చిన్న ఊళ్లో చెట్టు కింద మెకానిక్ కూడా దాన్ని కళ్లు మూసుకుని విప్పగలిగాడంటే కారణం ఈ కొనసాగింపే.

ఈ కేసు బండినీ అదే చూపుతో పరిశీలించాం. ఆరు నెలల్లో కనీసం ఎనిమిదిసార్లు 110 దాకా ఎక్కిన అల్యూమినియం హెడ్‌కు కంప్రెషన్ చెక్కుచెదరలేదు. ఓనరు ప్రతిసారీ బండి ఆపేయడం ఒక కారణం. ప్రమాదానికి ముందే ఏసీ భారాన్ని ఈసీయూ దించేయడం ఇంకో కారణం. టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే గడువుల్లేవు, ఉదయం స్టార్ట్ చేస్తే చైన్ చప్పుడు లేదు. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు రెండోసారి మార్చినవి, క్లచ్ 96,000 దగ్గర ఒకసారి మారింది. డోర్ల అడుగున, జాకీ పెట్టే చోట తుప్పు లేదు. తుప్పు ఉంటే జవాబు మారేది. ఇంజిన్‌కు పార్టు దొరుకుతుంది, అడుగు రేకుకు దొరకదు.

అరిగే ప్రతి పార్టూ ఆ పూటే జేసీ రోడ్డులో దొరుకుతుంది, కంపెనీదీ, వేరే మంచి తయారీదీ, నాసిరకందీ మూడూ ఉంటాయి. బండి పాడైతే ఎన్ని రోజులు నిలిచిపోతుందన్నదే పాత కారు నిజమైన ఖర్చు. ఈ బండి మా దగ్గర ఉన్నది రెండు రోజులు, అందులో ఒక రోజు మా తప్పు. తక్కువ అమ్ముడైన మోడల్ అయి ఉంటే ఫ్యాన్ అసెంబ్లీ కోసమే రెండు మూడు వారాలు ఎదురుచూడాల్సి రావచ్చు.

అందరికీ తెలిసిన బండి కావడమే ఈ బండికి ఆరు నెలలు శత్రువైంది. ఏది పోతుందో ముందే తెలుసనుకున్న చేతులు కొలవడం మానేశాయి. కొత్తరకం బండి వస్తే మాన్యువల్ తెరిచేవాళ్లే ఈ బండి ముందు బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి, పార్టు పేరు చెప్పేశారు.

ఉంచుకోమనే చెప్పాం. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే దీనికి 2027 దాకా ఉంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు.

మా చెక్‌లిస్టులో ఒక్క గడి మార్చాం. "ఫ్యాన్ తిరుగుతోందా?" అన్నచోట ఇప్పుడు "కాగితం గ్రిల్‌కు అతుక్కుంటోందా?" అని ఉంది. కనెక్టర్ కోసి ఉన్న బండి ఏది వచ్చినా, ఫిర్యాదు దేని గురించైనా, ఆ కోసిన చోటును ముందు విప్పి చూడాలన్నది రెండో మార్పు. ఓనరు మాటలను వాళ్ల పదాల్లోనే రాయాలన్న నియమం ఇంతకుముందే ఉంది, ఇకమీదట పరీక్ష మొదలుపెట్టే ముందు వాటిని ఒకసారి పైకి చదువుతున్నాం.

తర్వాత

నెల తర్వాత కూలెంట్ గీత కదల్లేదు. ట్యాంకు నింపి రెండుసార్లు లెక్కేస్తే మైలేజీ 14.6. మూత కింద మీగడ మళ్లీ రాలేదు. ఏడాదికి మీటర్ 1,89,000 చూపింది, మధ్యలో ఒక్కసారీ హీటెక్కలేదు. ఒక్క విషయం మిగిలి ఉంది: రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మడత దగ్గర, ఎడమ మూలన, గోరంత తెల్లటి మరక. 0.9 బార్‌కు కారడం లేదు, కానీ మరక ఎండింది కాదు. వచ్చే ఎండాకాలానికి ముందే రేడియేటర్ మార్చాలని, పాతది ఊడదీసేలోపే కొత్తది తెచ్చిపెట్టుకోవాలని జాబ్‌కార్డు మీద రాసి ఇచ్చాం.